రేవు కూలి, రేపటి కూలి
వి.వి. గిరి స్మారక ఉపన్యాసం



ఈ సాయంత్రం వరాహగిరి వెంకటగిరి గారిది. 1894 ఆగస్టు 10న బరంపురంలో పుట్టిన ఆయన పేరు చెబితే చాలామందికి రాష్ట్రపతి భవనం గుర్తొస్తుంది. పాత రైల్వే కార్మికులకు మాత్రం ఖరగ్‌పూర్ వర్క్‌షాపు గుర్తొస్తుంది. డబ్లిన్‌లో న్యాయశాస్త్రం చదువుతూ ఐర్లండ్ స్వాతంత్ర్యోద్యమానికి దగ్గరైన గిరిగారు 1916లో ఆ దేశం వదిలి రావలసి వచ్చింది. బరంపురంలో న్యాయవాదిగా నిలదొక్కుకునే అవకాశం ఉన్నా బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల వెంట నడిచారు. 1928లో ఆ రైల్వేలో జరిగిన శాంతియుత సమ్మెకు నాయకత్వం వహించారు. అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్‌కు రెండుసార్లు అధ్యక్షులయ్యారు. 1931లో లండన్ రౌండ్ టేబుల్ సమావేశంలో కార్మికుల ప్రతినిధిగా కూర్చున్నారు.

1952 ఎన్నికల్లో ఆయన గెలిచింది పాతపట్నం నుంచి. కేంద్రంలో కార్మిక మంత్రి అయ్యారు. బ్యాంకు ఉద్యోగుల జీతాల మీద అప్పిలేట్ ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం సవరించినప్పుడు, ఆ సవరణకు తాను బాధ్యత వహించలేనని 1954లో పదవి వదిలేశారు. యజమాని, కార్మికుడు ఎదురెదురుగా కూర్చుని కుదుర్చుకున్న ఒప్పందమే నిలుస్తుందనీ, ట్రిబ్యునల్ అనేది చివరి మెట్టనీ ఆయన నమ్మకం. కార్మిక సంబంధాల చరిత్రలో దాన్ని ఇప్పటికీ గిరి విధానం అంటారు.

ఆ విధానంలో ఒక ప్రశ్న దాగి ఉంది. ఎదురెదురుగా కూర్చుంటే సరిపోదు గదా, ముందున్న కాగితాన్ని తూచడం కూడా తెలియాలి. ఒప్పందం చేతికొచ్చినప్పుడు కార్మికుడు దాన్ని ఏ రాళ్ళతో తూచాలి? ఈ ఉపన్యాసం చెప్పదలచుకున్నది ఒక్కటే. ఇవాళ్టి కూలి ఒక రాయి. ఒప్పందం బయట నిలబడ్డ మనిషి కూలి రెండో రాయి. చేతులు ఉడిగిన నాటి కూలి మూడో రాయి. మొదటి రాయితోనే తూచి సంతకం పెట్టిన ప్రతిచోటా మిగతా రెండింటి బరువూ తర్వాత కార్మికుల మీదే పడింది.

దీన్ని నిరూపించడానికి ఉదాహరణ వెతుక్కుంటూ దూరం పోనక్కర్లేదు. పాతపట్నం, టెక్కలి, సోంపేట పల్లెల నుంచి మన తాతముత్తాతలు ఓడెక్కి పోయిన ఊరికే పోదాం. వాళ్ళు దాన్ని రంగం అన్నారు. మ్యాపులో రంగూన్. ఇప్పుడు యాంగాన్. అందులో బోటాటౌంగ్ అనే రేవు పేట.

1. మేస్త్రీ చేతి బయానా

బోటాటౌంగ్ అంటే బర్మా మాటలో వెయ్యిమంది సేనానులు. భారతదేశం నుంచి వచ్చిన బుద్ధుని కేశాలకు వెయ్యిమంది సేనానులు ఇక్కడ స్వాగతం పలికారని స్థలపురాణం. ఆ కేశాలు ఉన్నాయనే పగోడా నదీతీరంలోనే ఉంది. పగోడా పక్కనుంచి పడమరగా నది వెంట నడిస్తే జెట్టీలు, గోదాములు వరుసగా వస్తాయి. బ్రిటిష్ వాళ్ళ కాలంలో ప్రపంచంలోకెల్లా ఎక్కువ బియ్యం ఎగుమతి చేసిన రేవుల్లో ఇదొకటి. ఆ బస్తాలు మోసిన భుజాల్లో అధికభాగం తెలుగు భుజాలు.

గోపాలపురం, కళింగపట్నం, భీమిలి, విశాఖ, కాకినాడ రేవుల్లో బ్రిటిష్ ఇండియా కంపెనీ స్టీమరు ఎక్కి, డెక్కు మీదే వండుకు తిని, డెక్కు మీదే పడుకుని వెళ్ళేవాళ్ళు. కాకినాడ పక్కనున్న కోరంగి రేవు పేరు మీదుగా బర్మాలో తెలుగువాళ్ళందరికీ కోరంగీలనే పేరు స్థిరపడింది. 1920ల చివర్లో ఏటా 3 లక్షలకు పైగా భారతీయులు రంగూన్‌లో దిగేవారు. 1931 జనగణన నాటికి ఆ నగరంలో సగం మందికి పైగా భారతీయులే.

వీళ్ళ ఒప్పందం ఎలా ఉండేది? కాగితం ఉంటే దాని మీద వేలిముద్ర. ఎదుటి పక్షం కంపెనీ కూడా కాదు, మేస్త్రీ. ఊళ్ళోకి వచ్చి ఓడ ఛార్జీకీ, ఇంట్లో వాళ్ళ తిండికీ బయానా ఇచ్చేవాడు అతనే. ఆ బయానా తీరేవరకు మనిషి అతని ముఠాలో పనిచేయాలి. పైన కాంట్రాక్టరు, అతని కింద పెద్ద మేస్త్రీ, ఆ కింద ముఠా మేస్త్రీలు. ఓడ కంపెనీ ఇచ్చిన డబ్బు ఈ మెట్లన్నీ దిగి వచ్చేసరికి ప్రతి మెట్టు మీదా కొంత నిలిచిపోయి, మిగిలింది కూలివాడికి చేరేది. విట్లీ అధ్యక్షతన ఏర్పడిన రాయల్ కమిషన్ 1931 నివేదికలో ఈ మేస్త్రీ పద్ధతిని వివరంగా చర్చించింది. రంగూన్‌లో వలస కార్మికుల వ్యవహారాలు చూసిన అధికారి ఆండ్రూ 1933లో అచ్చేసిన పుస్తకం నిండా ఇదే.

సభికులు ఒక్క సంగతి గమనించాలి. 1859 నాటి చట్టం ప్రకారం బయానా తీసుకున్న పనివాడు పని మానేస్తే అది నేరం. బాకీ వసూలు దావా వేసి ఊరుకోవడం కాదు, జైలుకు పంపే వీలుండేది. ఆ చట్టం రద్దయింది 1926లో. అంటే 1930లో బోటాటౌంగ్ జెట్టీ మీద నిలబడిన చాలామంది తెలుగు కార్మికులకు, పని మానుకునే హక్కు అనేది నాలుగేళ్ళ పసిబిడ్డ. ఆ బిడ్డ పెద్ద అడుగు వేసిన నెల ఆ ఏడాది మే.

2. ఒక సోమవారం ఉదయం

ఆ నెల మొదలవడమే విపత్తుతో మొదలైంది. మే 5న గాంధీగారి అరెస్టు. అదే సాయంత్రం పెగూ భూకంపం. పెగూలో వందల మంది చనిపోయారు, రంగూన్‌లోనూ ఇళ్ళు కూలి ప్రాణాలు పోయాయి. ఆ రోజుల్లోనే రేవులో సరుకులెత్తే తెలుగు కార్మికులు కూలి పెంచమని పని ఆపేశారు. నదిలో ఓడలు నిలిచిపోయాయి. ఒక్కో రోజు నిలిచిన ఓడకు ఎంత నష్టమో కంపెనీలకు తెలుసు, కార్మికులకూ తెలుసు.

ఓడల్లో సరుకులు ఎత్తించి దించే స్టీవెడోర్ కంపెనీలు ఊరుకోలేదు. రేవు పనికి అంతవరకు పెద్దగా రాని బర్మీయులను పిలిచాయి. ప్రపంచ మాంద్యం మొదలై వరి ధర పడిపోతున్న కాలం అది. పల్లెల్లో పనిలేని బర్మీయులకు ఈ పిలుపు దేవుడిచ్చిన వరంలా కనిపించి ఉంటుంది. అలవాటు లేని పని, బరువైన పని. అయినా వచ్చారు, మోశారు. రెండు మూడు వారాలు గడిచాయి.

ఇంతలో కంపెనీలు తెలుగు కార్మికులతో రాజీకి వచ్చాయి. కూలి కొంత పెంచడానికి ఒప్పుకున్నాయి, పాత ముఠాలను పనిలోకి రమ్మన్నాయి. కార్మికుల కోణం నుంచి చూస్తే ఇది విజయమే. గిరిగారు కోరుకున్నట్టు ట్రిబ్యునల్ లేకుండా కుదిరిన ఒప్పందమే. లోటల్లా ఒకటి. వారాల తరబడి ఆ పని చేస్తున్న బర్మీయుల సంగతి అందులో ఒక్క ముక్క లేదు. మీ పని అయిపోయిందని ముందుగా చెప్పిన వాళ్ళూ లేరు.

మే 26, సోమవారం. ఎప్పట్లాగే బర్మీయ కూలీలు రేవుకొచ్చారు. కొందరి ఆడవాళ్ళు అన్నాలు పట్టుకొచ్చారు. పనిలేదు పొమ్మన్నారు. ఎదురుగా పాత ముఠాలు పనిలోకి దిగుతున్నాయి. గెలిచిన వాళ్ళు ఎగతాళి చేశారు, ఓడిన వాళ్ళకు కడుపు మండింది. మాట మాట పెరిగింది. కొద్ది గంటల్లో కర్రలూ గడ్డపారలూ లేచాయి. సాయంత్రానికి అది రేవు తగాదాగా మిగల్లేదు. రోజుల తరబడి నగరంలో కోరంగీ అన్న ముద్ర ఉన్న ప్రతి మనిషినీ వెతికి కొట్టారు. దారిన పోయే రిక్షావాడు, పాకీపని చేసే మనిషి, బస గదిలో నిద్రపోతున్న కూలీ, అందరూ. వందమందికి పైగా చనిపోయారు, వందల మంది గాయపడ్డారు. వేలాది తెలుగువాళ్ళు ఖాళీగా ఉన్న పాత పిచ్చాసుపత్రి ఆవరణలో తలదాచుకున్నారు. దొరికిన ఓడ ఎక్కి ఊళ్ళకు పారిపోయిన వాళ్ళ లెక్క వేరు. అప్పుడు రంగూన్ జిల్లా మేజిస్ట్రేటుగా ఉన్న మారిస్ కాలిస్ ఆ రోజులను తన అనుభవాల పుస్తకంలో రాసిపెట్టాడు.

ఈ కథను జాతుల పగగా చెప్పడం తేలిక. పగకు వేరే వేళ్ళు కూడా ఉన్నాయి, నిజమే. ఉద్యోగాలు, భూములు, అప్పులు అన్నీ పరాయివాళ్ళ చేతుల్లోకి పోతున్నాయన్న బర్మీయుల బాధ అప్పటికే ముదిరి ఉంది. కానీ నిప్పు అంటుకున్న చోటు ఒక కూలి ఒప్పందం. ఇద్దరి మధ్య కుదిరి, మూడోవాణ్ణి వదిలేసిన ఒప్పందం. అల్లర్లు సద్దుమణిగాక చేసిన మొదటి పని ఏమిటో తెలుసా? రేవు పనిలో బర్మీయులకూ వాటా ఇస్తూ కొత్త ఏర్పాటు చేశారు. మే 25న కాగితం మీద రాయాల్సిన ముక్కను శవాలు లేచాక రాశారు.

ఇక్కడ నిందించవలసింది ఆ కూలీలను కాదు. బయానా మెడకు కట్టుకుని సముద్రం దాటిన మనిషి, తన పక్కవాడి కూలి గురించి ఆలోచించలేదని ఈ రోజు ఎవరైనా అంటే అది అన్యాయం. రెండు వర్గాలనూ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టగల సంఘం అప్పుడు ఆ రేవులో బలంగా లేకపోవడమే వాళ్ళ దురదృష్టం.

3. రద్దయిన నోట్లు

ఇక మూడో రాయి. బోటాటౌంగ్‌లో ఇరవై ఏళ్ళు బస్తాలు మోసి నడుం వంగిన మనిషికి ఏమి మిగిలింది?

అతనికి పింఛను అనే మాటే లేదు. అతని పింఛను ఊళ్ళో ఉన్న పొలం చెక్క, లేదా కొడుకు. కొడుకును కూడా రంగం పంపడం అంటే పింఛను ఖాతా తెరిచినట్టే. నెలనెలా మనియార్డరు వస్తే ఖాతా నడుస్తున్నట్టు, ఆగితే మూతపడ్డట్టు.

1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. రేవు ప్రాంతమూ దాడికి గురైంది. కూలీలు రేవు వదిలి పారిపోయారు, సరుకులు దించేవాళ్ళు లేక నౌకాశ్రయం స్తంభించింది. తర్వాతి నెలల్లో 4 లక్షలకు పైగా భారతీయులు అరకాన్, మణిపూర్ కొండదారుల్లో కాలినడకన బయల్దేరారు. దారిలో కలరాకూ ఆకలికీ పోయినవాళ్ళ పేర్లు ఏ రిజిస్టరులోనూ లేవు. 1943 నవంబరులో మిత్రపక్షాల బాంబుదాడిలో బోటాటౌంగ్ పగోడా కూడా నేలమట్టమైంది. దాన్ని తిరిగి కట్టారు. చెదిరిపోయిన ముఠాలను తిరిగి కట్టడం ఎవరి తరమూ కాలేదు.

యుద్ధం తర్వాత కొందరు మళ్ళీ వెళ్ళారు. స్వతంత్ర బర్మా 1954లో సామాజిక భద్రతా చట్టం తెచ్చి 1956 నుంచి రంగూన్‌లో అమలుచేసింది. జబ్బు చేస్తే, కాన్పు అయితే, పనిలో గాయపడితే సాయం ఉంది. ముసలితనానికి పింఛను మాత్రం అందులో లేదు. కాబట్టి కార్మికుడు పాత పద్ధతే నమ్ముకున్నాడు. పెట్టెలో నోట్లు దాచుకున్నాడు.

1964 మే 17న బర్మాలో నె విన్ సైనిక ప్రభుత్వం 50, 100 చాట్ల నోట్లను రద్దు చేసింది. ఆ ఏడాదే దుకాణాలను జాతీయం చేసింది. 1960లలో దాదాపు 3 లక్షల మంది భారతీయులు బర్మా విడిచి వచ్చారు. వెంట తెచ్చుకోనిచ్చిన డబ్బూ బంగారమూ నామమాత్రం. విశాఖలో కంచరపాలెం వైపు బర్మా క్యాంపు అని పిలిచే పేట ఆ రోజుల్లో వచ్చిన కుటుంబాలతో ఏర్పడిందే. ఆ పేటలో పెద్దవాళ్ళకు పింఛను నిధి ఎండిపోవడం అంటే ఏమిటో వేరే పాఠం చెప్పనక్కర్లేదు. వాళ్ళ నిధి ఒక ఆదివారం నాడు ఒక్క ప్రకటనతో కాగితమైపోయింది.

ఇదే సముద్రానికి ఈ గట్టు మీద ఏమైందో పోల్చి చూద్దాం. 1948లో మన దేశం రేవు కార్మికుల ఉపాధి క్రమబద్ధీకరణ చట్టం చేసింది. దాని కింద పెద్ద రేవుల్లో డాక్ లేబర్ బోర్డులు వచ్చాయి, విశాఖలోనూ వచ్చింది. ఏ రోజుకారోజు మేస్త్రీ వేలు చూపించినవాడికే పని అన్న స్థితి పోయి, కళాసీ పేరు రిజిస్టరు కెక్కింది. ఓడ రాని రోజు కూడా హాజరు భత్యం. ప్రావిడెంట్ ఫండు, గ్రాట్యుటీ. కండబలంలో బోటాటౌంగ్ కూలీకీ విశాఖ కళాసీకీ తేడా లేదు. ఒకే తాలూకా వాళ్ళు, కొన్నిచోట్ల ఒకే ఇంటివాళ్ళు. తేడా అంతా రిజిస్టరులో రాసిన పేరుది. పేరు ఉన్నచోటే సర్వీసు లెక్క ఉంటుంది, సర్వీసు లెక్క ఉన్నచోటే ముసలితనానికి హక్కు పుడుతుంది.

పేరు మార్చుకుని మయన్మార్ అయిన బర్మా 2012లో మళ్ళీ కొత్త సామాజిక భద్రతా చట్టం రాసుకుంది. ఈసారి వృద్ధాప్య పింఛను అందులోకెక్కింది. 2014 ఏప్రిల్‌లో చట్టం అమల్లోకి వచ్చినప్పుడు ఆ భాగాన్ని మాత్రం తర్వాతకు వదిలేశారు. చట్టంలో అక్షరం ఉండటానికీ నిధిలో డబ్బు ఉండటానికీ మధ్య దూరం ఎంతో ఇది చెబుతుంది. తర్వాతి మెట్టు ఆ దూరం గురించే.

4. చెరువూ, తూమూ

పింఛను ఎవరి డబ్బు? మన సుప్రీంకోర్టు 1982 డిసెంబరు 17న నకారా కేసులో దీనికి జవాబు చెప్పింది. పింఛను యజమాని దయతో ఇచ్చే బహుమానం కాదు, చేసిన పనికి వచ్చే హక్కు అని తేల్చింది. అందుకే ఆ తేదీని పింఛనుదారుల దినంగా జరుపుకుంటున్నాం. తేలికమాటల్లో చెప్పాలంటే పింఛను వాయిదా వేసిన కూలి. ఇవాళ చేతికి రావలసిన కూలిలో కొంత ముక్కను కార్మికుడు అరవై ఏళ్ళు దాటిన తర్వాతి తనకు అప్పిచ్చుకుంటున్నాడు. ఆ అప్పు తీర్చే పూచీ ఎవరిది, డబ్బు ఎక్కడుంది అని అడగడం అతని హక్కు.

పింఛను నిధి ఒక చెరువు లాంటిది. పైనుంచి వాగు నీళ్ళు తెస్తుంది. అది పనిలో ఉన్నవాళ్ళ చందా, యజమాని చందా. కింద తూము నుంచి నీళ్ళు పోతుంటాయి. అది రిటైరైనవాళ్ళ పింఛను. వాన తక్కువైన ఏడు కూడా తూము ఆగకూడదంటే గట్టు వేసేటప్పుడే లెక్క వేయాలి. ఎంత ఆయకట్టు, ఎన్ని నెలలు, ఎంత పూడిక? నిధి విషయంలో ఆ లెక్క వేసే నిపుణుణ్ణి యాక్చువరీ అంటారు. ఎంతమంది ఎన్నేళ్ళు బతుకుతారు, జీతాలు ఎంత పెరుగుతాయి, పెట్టుబడి మీద ఎంత వడ్డీ వస్తుంది అని అంచనా కట్టి, ఉన్న డబ్బు ఇచ్చిన మాటకు చాలుతుందో లేదో చెబుతాడు. చాలకపోతే ఆ తేడాయే లోటు.

లోటు కంటికి కనబడదు. అదే దాని ప్రమాదం. నీళ్ళు సగం తగ్గినా తూములోంచి ధార అలాగే వస్తుంది. ఈ నెల పింఛను పడింది, వచ్చే నెలా పడుతుంది. చెరువు అడుగు కనిపించిన రోజుకు చేయగలిగింది మిగలదు.

అమెరికాలో ఇండియానా రాష్ట్రంలోని సౌత్ బెండ్ అనే ఊళ్ళో స్టూడిబేకర్ కార్ల కర్మాగారం ఉండేది. అక్కడి ఆటో కార్మికుల సంఘం దేశంలోనే బలమైన సంఘాల్లో ఒకటి. చర్చల బల్ల దగ్గర మంచి పింఛను సాధించుకుంది. వాగ్దానాలు పెరుగుతూ పోయాయి, నిధి అంత వేగంగా పెరగలేదు. 1963 డిసెంబరులో కర్మాగారం మూతపడింది. అరవై ఏళ్ళు దాటినవాళ్ళకు పూర్తి పింఛను దక్కింది. నలభై దాటి అరవైలోపు ఉన్న 4,000 మందికి పైగా కార్మికులకు, తమకు రావలసిన దానిలో సుమారు 15 శాతం మాత్రమే చేతికొచ్చింది. వాళ్ళలో చాలామంది ఇరవై, ముప్ఫై ఏళ్ళు పనిచేసినవాళ్ళు. ఆ దెబ్బ మీద జరిగిన ఆందోళన 1974లో పింఛను నిధుల చట్టంగా ముగిసింది. యజమాని మాట ఇస్తే సరిపోదు, ఇంత డబ్బు పక్కన పెట్టాలని చట్టం చెప్పింది, మునిగిన నిధులకు బీమా సంస్థను నిలబెట్టింది. అంత చేసినా లారీ డ్రైవర్ల సంఘానికి చెందిన సెంట్రల్ స్టేట్స్ నిధి ఎండిపోయే దశకొచ్చింది. 2022 డిసెంబరులో ప్రభుత్వం 3,600 కోట్ల డాలర్లు పోసి, మూడున్నర లక్షల మంది పింఛను నిలబెట్టింది.

బలమైన సంఘం, సంతకాలున్న ఒప్పందం, చట్టం. మూడూ ఉన్న చోట ఇలా జరిగింది. మన దగ్గర ఎలా ఉంది?

5. గని దిగిన లెక్క

సింగరేణి బొగ్గు గనులకు వెళదాం. తెలుగు నేల మీద సంఘాలకు ఇంత బలమున్న పరిశ్రమ మరొకటి అరుదు. 2023 డిసెంబరు 27న జరిగిన గుర్తింపు సంఘం ఎన్నికలకు గనుల్లో కనిపించిన సందడి అసెంబ్లీ ఎన్నికలకు తీసిపోలేదు. జీతాలు తేల్చే వేజ్‌బోర్డు అన్న మాట కొత్తగూడెం, గోదావరిఖని, మందమర్రి ఇళ్ళల్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. 2023 మే 20న కుదిరిన 11వ వేజ్‌బోర్డు ఒప్పందం 19 శాతం కనీస ప్రయోజనం తెచ్చింది. దాని ముందు 2017 అక్టోబరులో కుదిరిన 10వ ఒప్పందం 20 శాతం తెచ్చింది. ఏరియర్స్ పడిన నెలలో గోదావరిఖని బజారు కళే వేరు.

అదే గని నుంచి ఇరవై ఏళ్ళ కింద దిగిపోయిన మనిషి ఇంటికి పోతే కథ మారుతుంది. బొగ్గు గని కార్మికులకు 1998లో పింఛను పథకం వచ్చింది. పూర్తి సర్వీసు చేసినవాళ్ళకు చివరి పది నెలల సగటు జీతంలో 25 శాతం పింఛను. కరువు భత్యం దానికి కలవదు. మూడేళ్ళకోసారి సమీక్షించాలని పథకంలో ఉన్నా, పింఛను పెంపు మాత్రం ఏళ్ళ తరబడి జరగలేదు. పనిలో ఉన్నవాడి జీతం వేజ్‌బోర్డు వెంట వేజ్‌బోర్డు పెరుగుతుంటే, ముందు తరం పింఛను మొదటి రోజు అంకె దగ్గరే నిలబడింది. ఒకే వీధిలో తండ్రి ఒక కాలంలో, కొడుకు ఇంకో కాలంలో బతుకుతున్నారు.

ఎందుకు పెంచలేదంటే నిధిలో లేదన్నదే జవాబు. ఎందుకు లేదు? కారణాలు లెక్కపెట్టవచ్చు. మొదటిది, వాగు సన్నబడింది. 1990ల మొదట్లో సింగరేణిలో లక్షా పదహారు వేల దాకా ఉన్న కార్మికులు ఇప్పుడు నలభై వేలకు అటూ ఇటూ. దేశమంతా బొగ్గు గనుల్లో ఇదే వరస. చందా కట్టేవాళ్ళ కంటే పింఛను తీసుకునేవాళ్ళు ఎక్కువయ్యారు. రెండోది, చందా మొదటి నుంచీ తక్కువ. లోటు ముదిరాక 2017లో కార్మికుడి వాటా, యాజమాన్యం వాటా చెరో 7 శాతానికి పెంచారు. టన్ను బొగ్గుకు 10 రూపాయల చొప్పున ఇస్తామని కోల్ ఇండియా ముందుకొచ్చింది. మూడోది, పెట్టుబడి. నిధి డబ్బులో వందల కోట్లు డీహెచ్ఎఫ్ఎల్ అనే గృహరుణ సంస్థలో పెట్టారు, ఆ సంస్థ కూలింది. గట్టుకు గండి పడితే ఆయకట్టు రైతుకు ముందుగా తెలుస్తుంది. ఇక్కడ గండి పడిన సంగతి గని కార్మికుడికి పేపర్లో చూస్తే గాని తెలియలేదు.

ప్రైవేటు కంపెనీల్లో, నూలు మిల్లుల్లో, బీడీ కార్ఖానాల్లో ఉన్నవాళ్ళది ఇంకా చిన్న చెరువు. 1995 నవంబరు 16న మొదలైన ఉద్యోగుల పింఛను పథకంలోకి యజమాని వాటా నుంచి 8.33 శాతం పోతుంది. అది కూడా 15,000 రూపాయల జీతం పరిమితి మేరకే. ఆ పరిమితి మీద 35 ఏళ్ళ సర్వీసు చేసినా వచ్చేది నెలకు 7,500 దరిదాపుల్లోనే. కనీస పింఛను 2014 సెప్టెంబరు నుంచి 1,000 రూపాయలు. ధర్నాచౌక్‌లో ఎండలో కూర్చునే పెద్దవాళ్ళు పెంచమని అడుగుతున్నది ఆ వెయ్యినే.

బోటాటౌంగ్‌లో వదిలేసిన ఆ రెండో రాయి కూడా సింగరేణిలో కనిపిస్తుంది. బయట మట్టి తీసే పని, ఊడ్చే పని, లారీలు, బస్సులు నడిపే పని కాంట్రాక్టు కార్మికులు చేస్తున్నారు. వాళ్ళు వేజ్‌బోర్డు బయట. కోల్ ఇండియాలో కాంట్రాక్టు కార్మికులకు నిర్ణయించిన జీతాలు తమకూ ఇవ్వాలని 2022 సెప్టెంబరులో రెండు వారాలకు పైగా సమ్మె చేశారు. ఇక్కడ రెండు రాళ్ళు ఒకే రాయి అవుతాయి. దయచేసి ఈ ముక్క గమనించండి. పర్మినెంటు కార్మికుడు రిటైరైన స్థానంలో కాంట్రాక్టు కార్మికుడు వస్తే గని పని ఆగదు, బొగ్గు తగ్గదు. కానీ పింఛను చెరువులోకి వచ్చే వాగు ఆ మేరకు సన్నబడుతుంది. పక్కవాడి కూలి ఒప్పందంలో లేకపోవడం, మన ముసలితనానికి నీళ్ళు తగ్గడం ఒకటే సంగతి. బయటివాడి కోసం పోరాడటం దానధర్మం అనుకునే మిత్రులు ఈ లెక్కను ఒకసారి చూడాలి.

ఎదురు వాదన కూడా వినాలి. ఇవాళ పిల్ల పెళ్ళి, కొడుకు ఫీజు ఉన్న కార్మికుడు రేపటి పింఛను కోసం ఈ రోజు ఏరియర్స్ వదులుకోగలడా అని సంఘ నాయకులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. గేట్ మీటింగులో 19 శాతం అంటే చప్పట్లు పడతాయి, యాక్చువరీ లెక్క అంటే జనం టీ కొట్టు వైపు కదులుతారు. అయితే పూర్తిగా వదులుకోమని ఎవరూ అనడం లేదు. పెరిగే ప్రతి రూపాయిలో ఎన్ని పైసలు చెరువులోకి పోవాలో బల్ల దగ్గరే తేల్చమంటున్నాం. తేల్చనప్పుడు ఆ పైసలు మిగిలిపోవు. ఇరవై ఏళ్ళ తర్వాత అదే కార్మికుడు మందుల దుకాణం ముందు నిలబడినప్పుడు వడ్డీతో సహా కట్టాల్సి వస్తుంది.

6. బల్ల మీద పెట్టవలసిన కాగితాలు

గిరిగారు కార్మికుణ్ణి బల్ల దగ్గరకు తెచ్చారు. ఆ బల్ల మీద ఏ కాగితాలు ఉండాలో చెప్పుకోవడం ఆయనకు చేయదగిన స్మరణ.

వేతన చర్చలు మొదలయ్యే ముందే పింఛను నిధి తాజా యాక్చువరీ నివేదికను సంఘాలు రాతపూర్వకంగా అడగాలి. వచ్చిన నివేదికను ఇంగ్లీషులోనే వదిలేయకుండా రెండు పేజీల తెలుగులో రాయించి గేటు దగ్గర చదివించాలి. ఎంత ఉంది, ఎంత కావాలి, తేడా ఎంత, ఎవరు ఎన్నేళ్ళలో పూడుస్తారు అన్న నాలుగు ప్రశ్నలకు జవాబులు చాలు. చెరువు, తూము తెలిసిన జనానికి ఇది అర్థంకాని విద్య కాదు.

డబ్బు ఎక్కడ మదుపు పెడుతున్నారో ఏడాదికోసారి ప్రకటించాలని ఒప్పందంలోనే రాయించాలి. ఏ ఒప్పందమైనా రిటైరైనవాళ్ళ ప్రతినిధి లేకుండా ముగియకూడదు. కాంట్రాక్టు కార్మికుల జీతం, వాళ్ళ పీఎఫ్ చందా, వాళ్ళ పేరున్న రిజిస్టరు ఒక ప్రత్యేక అధ్యాయంగా ఉండాలి. ఆ అధ్యాయం లేని ఒప్పందం 1930 మే నాటి రాజీ లాంటిదే.

ఇవన్నీ ఎప్పుడో చేసుకోవాల్సిన పనులు కావు. విశాఖతో సహా పెద్ద రేవుల కార్మిక సంఘాలు 2024 ఆగస్టు 28 నుంచి సమ్మె అని నోటీసిచ్చి, ముందురోజే 8.5 శాతం ఫిట్‌మెంటుతో ఒప్పందానికొచ్చాయి. దాని గడువు 2026 డిసెంబరు 31. బొగ్గు కార్మికుల 11వ వేజ్‌బోర్డు గడువు 2026 జూన్ 30. సముద్రం గట్టున కళాసీ మనవడు, గోదావరి గట్టున గని కార్మికుడు ఒకే ఏడాది కొత్త కాగితం ముందు కూర్చోవలసిన వాళ్ళు.

సభలో ఉన్న సంఘ బాధ్యులకు ఒక విన్నపం. ఆ కాగితం మీద సంతకం పెట్టే ముందు రోజు, రిటైరైన ఒక కార్మికుణ్ణీ, ఒక కాంట్రాక్టు కార్మికుణ్ణీ పిలిచి, పక్కన కూర్చోబెట్టుకుని, మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా వాళ్ళకు చదివి వినిపించండి. వాళ్ళు అడిగే ప్రశ్నలకు అందులో జవాబు లేకపోతే సంతకం ఒక్క రోజు ఆపండి.